చెరువు నిండితే సరిపోదు, అంచు బతకాలి

మత్తడి దుంకిన రోజు అందరం కట్ట మీదికే పోతాం. కట్ట మైసమ్మకు కొబ్బరికాయ కొడతాం, ఫోటోలు దిగుతాం, స్టేటస్ పెడతాం, ఇంటికొస్తాం. తప్పేం లేదు. కానీ మీ ఊరి చెరువులో ఏమేం బతుకుతున్నాయో కట్ట మీద నిలబడితే తెలియదు. కట్టకు ఎదురుగా, అవతలి శిఖం వైపు, అంటే చెరువు నీళ్లు పరుచుకునే నేల వైపు పోవాలి. నీళ్లు నడుము లోతు నుంచి మోకాలికి, మోకాలి నుంచి చీలమండకు, అక్కడి నుంచి బురదకు, బురద నుంచి పచ్చికకు మారే చోటు అది. పిట్టలు, కప్పలు, నత్తలు, చేప పిల్లలు, తుంగ, ఎక్కువ భాగం అక్కడే. ఇక్కడ రాసేదంతా ఆ అంచును ఎట్లా చూడాలి, ఎట్లా లెక్క రాయాలి, ఎట్లా నిలబెట్టుకోవాలి అన్నదే. పాలమూరు, నల్లగొండ వైపు ఊర్లను మనసులో పెట్టుకుని రాస్తున్నా. హైదరాబాద్ చెరువుల గొడవ వేరు, వాటి గురించి మాట్లాడేవాళ్లు చాలామందే ఉన్నారు.

మన వైపు చెరువులు తమంతట తాము పుట్టినవి కావు, ఎవరో ఒకరు కట్టించినవే. పానగల్లు ఉదయసముద్రం కందూరు చోడుల నాటిది. సరళాసాగర్‌ను వనపర్తి రాజా రామేశ్వరరావు తన తల్లి పేరు మీద కట్టించాడు. కోయిల్‌సాగర్ నిజాం కాలంలో మొదలైంది. మనిషి కట్టినవే అయినా ఏళ్ల తరబడి వానకు నిండుతూ ఎండకు తగ్గుతూ ఉండేసరికి వాటి చుట్టూ ఒక జీవరాశి అల్లుకుపోయింది. ఆ నిండడం ఎంత ముఖ్యమో తగ్గడం కూడా అంతే ముఖ్యం, ఈ ఒక్కటి గుర్తుంటే కింద చెప్పేవన్నీ సులువుగా అర్థమవుతాయి.

ఈ మధ్య రెండు మార్పులు వచ్చాయి. 2015 మార్చిలో మిషన్ కాకతీయ మొదలైంది, రాష్ట్రం మొత్తం మీద 46,531 చెరువులు, కుంటలు బాగు చేయాలన్నది లెక్క. రెండోది ఎత్తిపోతలు. కల్వకుర్తి, నెట్టెంపాడు, భీమా, కోయిల్‌సాగర్ లిఫ్టులతో కృష్ణా నీళ్లు పాలమూరు చెరువుల్లోకి, ఏఎమ్మార్పీ (ఎలిమినేటి మాధవరెడ్డి ప్రాజెక్టు) కాల్వలతో నల్లగొండ చెరువుల్లోకి వస్తున్నాయి. వలస పోయి బతికిన జిల్లాలో నీళ్లు రావడాన్ని ఎవరైనా తప్పుపడితే వాళ్లకు మన సంగతి తెలియదన్నమాట. నేను తప్పుపట్టట్లేదు. కానీ ఒకప్పుడు దసరా దాటాక వారం వారం వెనక్కి జరిగి కొత్త బురదను బయటపెట్టిన చెరువు ఇప్పుడు నెలల తరబడి ఒకే మట్టంలో నిలబడితే, ఆ బురదలో పురుగులు ఏరుకుని బతికే ఉల్లంకి పిట్టలకు కాలు పెట్టే చోటుండదు. పూడికతీతలో అంచును కూడా నిటారుగా చెక్కేస్తే సంగతి ఇక చెప్పక్కర్లేదు.

ముందు లోతు చూడండి

ఏ పిట్ట ఎక్కడ నిలబడిందో చూస్తే చెరువు లోతు కొలిచినట్టే. సన్న ఉల్లంకి పిట్టలు రెండు వేళ్ల లోతు దాటి పోవు. ఎర్రటి పొడుగు కాళ్లు, నల్ల రెక్కలు ఉండే తెల్లపిట్ట జానెడు నీళ్ల దాకా నడుస్తుంది. కొంగలు మోకాలి లోతులో ఉంటాయి. తల కిందికి ముంచి తోక పైకి లేపి మేసే బాతులకు అడుగు, అడుగున్నర చాలు. నీటికాకి, బొల్లికోడి, మునుగుడు కోడి లాంటివే లోతు నీళ్లలో మునిగి తేలతాయి. కాబట్టి ఒక చెరువులో మీకు నీటికాకులు, బొల్లికోళ్లు తప్ప ఇంకేం కనిపించట్లేదంటే ఆ చెరువుకు అంచు పోయిందేమోనని అనుమానించాలి.

నత్తగుల్ల కొంగను ఒక్కసారి దగ్గరగా గమనించండి, అంచు ఎందుకు కావాలో అదే చెప్తుంది. దాని ముక్కు మూసుకున్నా మధ్యలో సందు ఉంటుంది. బురదలో ముక్కుతో వెతికి నత్తను పట్టుకుంటుంది, పై దవడతో దాన్ని అదిమి, కింది దవడ మొనను నత్త మూత పక్క నుంచి లోపలికి దూర్చి కండను కోసి, మెత్తటి ఒంటిని బయటికి లాగి మింగుతుంది. గుల్ల చాలాసార్లు పగలకుండా అట్లాగే మిగులుతుంది. యాసంగిలో శిఖం వైపు నడిస్తే ఖాళీ గుల్లలు కుప్పలుగా కనిపించేది అందుకే. ఇంతకీ ఆ నత్త గుడ్లు పెట్టేది నీళ్లలో కాదు, నీటి పైన తడి మట్టిలో. ఎండాకాలం గడిపేది ఎండిన బురదలోపల దాక్కుని. అంచుకు రాతి కట్టడం కట్టి, బురదను మొత్తం గీకేస్తే నత్త లేదు, నత్త లేకపోతే ఆ కొంగ మీ చెరువుకు ఎందుకొస్తుంది?

నీటి తాబేలు కూడా అంతే, ఎండాకాలం బురదలో పూడుకుని ఉంటుంది. జేసీబీ బకెట్‌లో తాబేలు వస్తే దాన్ని అదే చెరువులో మిగిలిన నీళ్ల దగ్గర వదలండి. ఇంట్లో తొట్టిలో పెంచుకుంటే అదృష్టం అనే మాట నమ్మకండి. వన్యప్రాణి సంరక్షణ చట్టంలో అది మొదటి షెడ్యూల్ జీవి, ఉడుము కూడా. పట్టినా అమ్మినా కేసే.

లెక్క రాయడం

ఒక లాంగ్ నోట్‌బుక్ కొనండి. ఫోన్‌లో రాసుకోవచ్చు కానీ పుస్తకం అయితే బడిలో పెట్టొచ్చు, పంచాయతీలో చూపించొచ్చు, ఫోన్ మారినా పోదు. ప్రతి పేజీ పైన తేదీ, టైము, ఎక్కడ నిలబడ్డారు, నీటి మట్టం. మట్టం ఎట్లా అంటే తూము దగ్గర మెట్లు గానీ గేజీ గానీ ఉంటుంది, ఎన్ని మెట్లు మునిగాయో రాస్తే చాలు. చాలామంది పిట్టల పేర్లు రాసి మట్టం రాయడం మర్చిపోతారు. రెండేళ్ల తర్వాత బాతులు ఎందుకు తగ్గాయని వెతికితే, పక్కన మట్టం లేని ఆ పేర్లు ఏమీ చెప్పవు.

పొద్దున్నే పోవాలి. ఎండ మీ వీపు మీద పడాలి, అంటే పొద్దున పూట చెరువుకు తూర్పు వైపు నిలబడాలి. లేకపోతే అన్నీ నల్లటి బొమ్మల్లా కనిపిస్తాయి. బైనాక్యులర్ కొనేటట్టైతే 8×42 తీసుకోండి, ఇరవై రెట్లు ముప్పై రెట్లు అని బజార్లో అమ్మేవి చేతిలో వణికి ఏదీ కనపడనివ్వవు. ఊరికి ఒకటి ఉన్నా చాలు, బడి సారుకు చెప్పి బడి పేరు మీద కొనిస్తే ఇంకా మంచిది. రంగురంగుల బట్టలు వద్దు, కుక్కను వెంట తేవద్దు.

లెక్కపెట్టే పద్ధతి సులువే. పదింటిని ఒక్కొక్కటిగా లెక్కపెట్టి, ఆ పది ఎంత జాగా పట్టిందో కంటితో పట్టుకుని, అట్లాంటి పదులు ఎన్నున్నాయో చూడాలి. మూడు వందల బొల్లికోళ్లున్న గుంపును ఒక్కొక్కటిగా లెక్కపెట్టబోతే సగంలో అవి లేచిపోతాయి. అంచనా తప్పినా ఫర్వాలేదు, ప్రతిసారీ ఒకే పద్ధతిలో చేస్తే చాలు. "చాలా ఉన్నాయి" అని మాత్రం రాయకండి. బొల్లికోడిని బాతుగా లెక్కేయడం అందరికీ మొదట్లో జరిగేదే. నల్లటి ఒళ్లు, నుదుటి మీద తెల్ల బిళ్ల కనిపిస్తే అది బొల్లికోడి.

ఎప్పుడెప్పుడు పోవాలి? నెలకోసారి పోగలిగితే దేవుడి దయ. కుదరకపోతే నాలుగు సమయాలు వదలకండి. జనవరి ఒకటి, వలస పిట్టలు నిండుగా ఉండే నెల, పైగా ఆసియా దేశాలంతటా నీటి పక్షుల గణన 1987 నుంచి ప్రతి జనవరిలో జరుగుతున్నది, మన దేశంలో దాన్ని బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ చూస్తుంది, మీ చెరువు లెక్క అందులోకి వెళ్లొచ్చు. తల మీద రెండు నల్ల గీతలుండే బాతు, అదే హిమాలయాలు దాటి వచ్చేది, దక్కన్ చెరువుల్లో కనిపించేది ఈ చలికాలంలోనే. ఇంకొకటి ఏప్రిల్ చివర, మే మొదట్లో, నీళ్లు బాగా తగ్గినప్పుడు. మూడోది తొలకరి పడిన మరునాడు రాత్రి. నాలుగోది చెరువు నిండాక, బతుకమ్మ రోజుల్లో.

తొలకరి రాత్రి పిట్టల కోసం కాదు, కప్పల కోసం. టార్చ్ తీసుకుని, బూట్లు వేసుకుని, ఇద్దరు ముగ్గురు కలిసి పోండి. ఏడాదంతా మట్టిరంగులో ఉండే పెద్ద బావురుకప్ప మగవి ఆ కొద్ది రోజులు నిమ్మపండు పసుపులోకి మారి, గొంతు కింద రెండు వైపులా నీలం రంగు తిత్తులు ఉబ్బించి అరుస్తాయి. చూడనివాళ్లకు చెప్తే నమ్మరు. అవి గుడ్లు పెట్టేది నడి చెరువులో కాదు, అంచున వాన నీళ్లు నిలిచిన గుంటల్లో, అక్కడికి పెద్ద చేపలు రావు కాబట్టి. ఆ గుంటలను "చదును" చేయిస్తే కప్ప పిల్లలకు జాగా లేదు. అరుపును ఫోన్‌లో రికార్డు చేయండి, ఫోటో కంటే పనికొస్తుంది.

రాసినదాన్ని ఈబర్డ్‌లో, అంటే పిట్టల లెక్కలు రాసే వెబ్‌సైట్‌లో ఎక్కించండి. చూసినవన్నీ రాయాలి, నచ్చినవి మాత్రమే కాదు. కాకి, గోరింక కూడా. చెరువును ఒకే పేరుతో, ఒకే చోట మ్యాప్ మీద పెట్టి ప్రతిసారీ దానికిందే రాయండి, లేకపోతే ఒకే చెరువుకు ఐదు పేర్లవుతాయి. పేరు తెలియని పిట్టకు మెర్లిన్ యాప్ సాయపడుతుంది కానీ అది చెప్పిందల్లా నమ్మి రాయకండి, చెక్ చేసుకోండి. మొక్కలకు, తూనీగలకు, కప్పలకు ఐనాచురలిస్ట్ బాగుంటుంది. గూళ్ల ఫోటోలు, అవి ఉన్న జాగా మాత్రం ఎక్కడా పెట్టొద్దు. చూడడానికి వచ్చేవాళ్లే గూటిని చెడగొడతారు, అందులో పిట్టల ఫోటోగ్రాఫర్లు ముందుంటారు, ఈ మాట అంటే కోపం వస్తుంది గానీ నిజం.

చెరువు తెలిసినవాళ్లను అడగండి

మీరు నాలుగు నెలలు రాసేదానికంటే మీ ఊరి నీరటి, అంటే తూము దగ్గర నీళ్లు వదిలే మనిషి, గంటసేపు చెప్పేది ఎక్కువ. నీరటి లేని ఊర్లో చేపలు పట్టే ముదిరాజులు, గంగపుత్రులు, శిఖంలో బర్లు కాసేవాళ్లు, కట్ట కింద ఆకుకూర ఏరుకునే ఆడవాళ్లు ఉంటారు. పుస్తకం ముందే తెరిచి ఇంటర్వ్యూ లెక్క కూర్చోకండి, ఎవరూ మాట్లాడరు. చేపలు తూకం వేసే రోజు పొద్దున్నే పోండి. వలలో వచ్చిన చిన్నాచితకా చేపలు పక్కకు పడేస్తారు కదా, అసలు సంగతి వాటిలోనే ఉంటుంది. పరకలు, జెల్లలు, బొమ్మిడాయి, మార్పు, వాలుగ, అన్నిటినీ తల ఎడమ వైపుకు ఉండేలా పెట్టి, పక్కన ఒక స్కేలు పెట్టి ఫోటో తీయండి. ఇక్కడి పేరు ఏంటో అడిగి రాయండి. పక్క మండలంలో అదే చేపకు ఇంకో పేరుండొచ్చు, రెండూ రాసుకోవాలి.

"ఏ చేపలు అంతరించాయి తాతా" అని అడిగితే ఏదో ఒక జవాబు చెప్పేస్తారు. "నువ్వు పోరగాడిగా ఉన్నప్పుడు వలలో ఏమొచ్చేది, ఏ నెలలో వచ్చేది" అని అడగండి, అప్పుడు మాట అదే సాగుతుంది.

కొర్రమీను సంగతి వాళ్లనే అడగాలి. మన రాష్ట్ర చేప అది. వానాకాలంలో గడ్డి, నాచు ఉన్న లోతు తక్కువ నీళ్లలో గుడ్లు పెడుతుంది. ఎర్రటి నారింజ రంగు పిల్లలు గుంపుగా నీటి పైకి తేలి, ఒక బంతిలాగా కదులుతుంటాయి, తల్లిదండ్రులు కింద కాపలా ఉంటాయి. ఆ గుంపు కనపడిందంటే పెద్ద చేప కిందే ఉందని అందరికీ తెలుసు, గాలం వేస్తే కాపాడుకునే కోపంలో దానికి తగులుతుంది. పెద్దది పోయాక పిల్లలను మిగతావి తినేస్తాయి. సంఘంలో కూర్చుని ఆ కొన్ని వారాలు పిల్లల గుంపు మీద గాలం వేయొద్దని ఒక్క కట్టుబాటు పెట్టుకుంటే ఖర్చేమీ లేదు. బయటివాళ్లు చెప్తే వినరు, సంఘం పెద్దమనిషి చెప్తే వింటారు, కాబట్టి ముందు ఆయనతో మాట్లాడండి.

నీటికాకులు చేప పిల్లలను తింటాయని వాళ్ల ఫిర్యాదు. అది నిజమే, కొట్టిపారేయకండి. విత్తనం వదిలిన కొత్తలో నష్టం ఎక్కువ. పటాకులు కాలిస్తే నీటికాకులతో పాటు మిగతావన్నీ లేచిపోతాయి. దానికంటే పిల్లలను కొన్నాళ్లు వల కప్పిన చిన్న కుంటలో పెంచి, నాలుగు అంగుళాలు దాటాక చెరువులో వదిలితే బతికేవి పెరుగుతాయి. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్‌ను ఎవరైనా చవకగా ఇస్తామంటే ఊర్లోకి రానివ్వొద్దు, దాన్ని పెంచడం మన దేశంలో నిషేధం. అక్వేరియం చేపలను చెరువులో వదలడం కూడా పుణ్యం కాదు. వలలు చింపే సక్కర్ చేప మన చెరువుల్లోకి వచ్చింది ఆ దారిలోనే. అది వలలో పడితే తిరిగి నీళ్లలోకి వేయకండి.

అంచు మీద చేసే పని

పూడికతీత మాట వచ్చినప్పుడే పట్టుకోవాలి. టిప్పర్లు వచ్చాక ఎవరూ మీ మాట వినరు. నీటిపారుదల శాఖ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) దగ్గరికి పోయి ఎస్టిమేట్ కాపీ అడగండి, ఎక్కడి నుంచి ఎక్కడి దాకా, ఎంత లోతు తీస్తారో అందులో ఉంటుంది. మీరు అడగాల్సినవి ఇవే: మట్టి కట్ట వైపు, నడి చెరువులో తీయండి, శిఖం వైపు మూడో వంతు జోలికి పోకండి, తీసిన చోట కూడా అంచు నిటారుగా కాకుండా ఏటవాలుగా వదలండి. మట్టి అంతా బయటికి పోకుండా కొంత నడుమ దిబ్బగా పోసి, పూర్తి మట్టం కంటే పైకి తేలేలా చూస్తే కుక్కలు పోలేని దీవి అవుతుంది, పిట్టలు అక్కడ గూడు పెడతాయి. రైతులకు కావలసింది నల్లటి ఒండ్రు, అది పైన ఒక పొర మాత్రమే. దాని కింద మొరం కోసం బావుల్లాగా తవ్వుతున్నారంటే అది పూడికతీత కాదు, మొరం దందా. ఆ గుంతలు నిండాక లోతు తెలియక పిల్లలు, బర్లు మునిగిన వార్తలు మనం చదవనివి కావు.

పూడిక తీసే నెలలు, తీతువ పిట్ట గుడ్లు పెట్టే నెలలు ఒకటే. గూడు అంటూ ఏమీ ఉండదు, నేల మీద చిన్న గుంట, చుట్టూ నాలుగు గులకరాళ్లు. మట్టిరంగు మీద నల్ల మచ్చలున్న గుడ్లు సాధారణంగా నాలుగు, సన్న మొనలు లోపలికి తిరిగి ఉంటాయి. కాలి కింద పడేదాకా కనపడవు. పైన పిట్ట గోల చేస్తూ తిరుగుతుంటే మీరు గూటి దగ్గర్లో ఉన్నారని అర్థం, అక్కడే ఆగి చూపుతో వెతకండి. గట్టి ఎండలో తల్లో తండ్రో నీళ్ల దాకా పోయి పొట్ట ఈకలు తడుపుకుని వచ్చి గుడ్ల మీద కూర్చుంటుంది. గూడు దొరికితే పది అడుగుల దూరంలో నాలుగు వైపులా కట్టెలు పాతి గుడ్డ కట్టండి, జేసీబీ డ్రైవర్‌కు చూపించండి. నేరుగా అడిగితే కాదనే డ్రైవర్ తక్కువ. దాదాపు నెలలో గుడ్లు పగులుతాయి, పిల్లలు పుట్టిన రోజే నడుస్తాయి.

మొక్కల్లో అన్నీ పీకేయడం కాదు. గుర్రపుడెక్క తీయాల్సిందే, అది దక్షిణ అమెరికా నుంచి వచ్చింది, పూత రాకముందే తీయాలి, ఎందుకంటే దాని విత్తనం బురదలో ఏళ్ల తరబడి బతుకుతుంది. నీళ్లు తక్కువున్నప్పుడు చేతులతో లాగి, మళ్లీ నీళ్లు తాకని చోట కుప్ప పెట్టండి, ఎరువు అవుతుంది. లొట్టపీసును నరికి అక్కడే వదిలితే ప్రతి ముక్కా వేరు పడుతుంది, వేరుతో పీకి ఎండబెట్టాలి. సర్కారు తుమ్మ శిఖంలోకి పాకితే తీయొచ్చు. కానీ జమ్ము, తుంగ, తామర, కలువ వదలండి. నీలి బొల్లికోడి గూడు జమ్ములోనే, తామరాకుల మీద పొడుగు వేళ్లతో నడిచే పిట్ట గుడ్లు ఆ ఆకుల మీదే, వాటిని పొదిగేది తండ్రి. దారి కోసం, వలల కోసం కొంత తెరిపి కావాలంటే పాయలు పాయలుగా తీయండి, సగం ఒక ఏడు, సగం మరో ఏడు. నీళ్లలో నిలబడి ఉన్న నల్లతుమ్మలను నరకనివ్వకండి, కొంగలు గుంపుగా గూళ్లు పెట్టేది వాటి మీదే. కట్ట మీద ఈత, తాటి, శిఖం పైన తెల్లమద్ది, నేరేడు, కానుగ నాటితే సరిపోతుంది. పార్కులో పెట్టే పూలమొక్కలు వద్దు.

గడ్డి మందు గురించి ఒక్క మాట. కట్ట మీద, గెట్ల మీద అది కొట్టిన చోట గునుగు మొలవదు, తంగేడు మాడిపోతుంది. బతుకమ్మకు పువ్వు కోసం మార్కెట్‌కు పోయి కొనుక్కుంటున్నాం, ఊరి పక్కనే పూసేదాన్ని మనమే చంపి. కూలీలు దొరకట్లేదన్న రైతు బాధ అబద్ధం కాదు, అందుకే పొలంలో మానమని అనట్లేదు, కట్ట మీద, నీటి అంచు మీద మాత్రం కొట్టొద్దని పంచాయతీలో తీర్మానం చేయించండి. స్ప్రే డబ్బాలు చెరువులో కడగడం కూడా దాంట్లోనే చేర్చండి.

మినీ ట్యాంక్‌బండ్ వస్తుందంటే ఊరికి సంబరమే, నాకూ సాయంత్రం కట్ట మీద నడవడం ఇష్టమే. లైట్లు, బెంచీలు కట్ట వైపే ఉంచమని, శిఖం చుట్టూ రింగురోడ్డు వేయొద్దని అడగండి. అంత చాలు.

కాగితం పని

ఇది బోరు కొట్టే భాగం, కానీ పుస్తకంలో రాసిందంతా ఇక్కడే అక్కరకొస్తుంది. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి పంచాయతీకి ఒక జీవవైవిధ్య యాజమాన్య కమిటీ, ఒక ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ ఉండాలి. 2020 జనవరి 31 లోపు అన్నిచోట్లా పూర్తి చేయాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ గడువు పెట్టడంతో చాలాచోట్ల హడావుడిగా రాసేశారు. మీ కార్యదర్శిని అడిగి ఆ రిజిస్టర్ చూడండి. పక్క ఊరి జాబితానే మీ ఊరి పేరుతో కనిపిస్తే ఆశ్చర్యపోకండి, తిట్టుకోకండి కూడా. ఆ రిజిస్టర్‌లో కొత్తవి చేర్చుకోవచ్చు. మీ పుస్తకంలోని పిట్టలు, చేపలు, నాటు వంగడాలు, వాటి ఊరి పేర్లు, చెప్పినవాళ్ల పేర్లు వాళ్లు ఒప్పుకుంటే, అన్నీ గ్రామసభలో చదివి చేర్పించండి. మందు మొక్కల వాడకం చెప్పినవాళ్లు బయటపెట్టొద్దంటే రాయకండి, అది వాళ్ల సొత్తు.

చెరువు హద్దు కోసం తహసీల్దార్ ఆఫీసులో ఊరి నక్ష (మ్యాపు), సేత్వార్, 1954-55 ఖాస్రా పహాణీ అనే పాత భూమి రికార్డుల నకళ్లు తీసుకోండి. శిఖం ఏ సర్వే నంబర్, ఎన్ని ఎకరాలు అన్నది అందులో ఉంటుంది. నీటిపారుదల శాఖ దగ్గర ఎఫ్‌టీఎల్ మ్యాప్, అంటే చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు చేరే హద్దు మ్యాప్ అడగండి. ఇవ్వకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, పంచాయతీలో ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, జిల్లాలో 10 రూపాయలు, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. కట్టడాల విషయంలో 2012 నాటి 168 జీవో ప్రకారం పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు ఎఫ్‌టీఎల్ నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్నదానికి 9 మీటర్లు బఫర్.

ఒక చిక్కు ముందే తెలుసుకోండి. చాలామంది అర్జీల్లో 2017 చిత్తడి నేలల నియమాలను రాస్తారు. ఆ నియమాల నిర్వచనంలో సాగునీటి కోసమే కట్టినవి రావు, అధికారి అదే చెప్పి పంపించేస్తాడు. అందుకే మీ అర్జీ ఒక్క కాలు మీద నిలబడకూడదు. శిఖం రికార్డు, బఫర్ జీవో, నీరు, భూమి, చెట్ల రక్షణకున్న వాల్టా చట్టం, 1972 వన్యప్రాణి చట్టం, వీటిని పట్టుకోండి. దేశవ్యాప్తంగా గుర్తించిన 2,01,503 చిత్తడి నేలలకు రక్షణ ఉండాలని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది, శాటిలైట్ అట్లాస్‌లో మీ చెరువు ఉంటే ఆ మాట కూడా చేర్చొచ్చు. నిజంగా గొప్ప చెరువైతే జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించమని రాష్ట్ర జీవవైవిధ్య మండలిని అడగొచ్చు, సంగారెడ్డి జిల్లా అమీన్‌పూర్ చెరువుకు 2016లో ఆ హోదా వచ్చింది. దానికి ఏళ్ల తరబడి రాసిన పిట్టల లెక్క చేతిలో ఉంటే మీ మాటకు బలం.

కలెక్టరేట్‌లో సోమవారం ప్రజావాణి ఉంటుంది. అర్జీ ఒక్క పేజీ దాటొద్దు. పైన చెరువు పేరు, ఊరు, మండలం, సర్వే నంబర్. మధ్యలో ఏం జరుగుతున్నది, ఏ తేదీ నుంచి. కింద మీకేం కావాలో ఒక్క వాక్యం. "చెరువును కాపాడాలి" అంటే ఎవరికీ ఏం పని చెప్పినట్టు కాదు, "ఫలానా సర్వే నంబర్‌లో మొరం తవ్వకం ఆపించి హద్దు రాళ్లు పాతించాలి" అంటే ఒక మనిషి ఆ పని మీద రావాల్సిందే. తేదీ, లొకేషన్ పడే ఫోటోలు రెండో మూడో జత చేయండి, పాతిక వద్దు. మత్స్య సహకార సంఘం, ఆయకట్టు రైతులు కూడా సంతకం పెడితే మీది పిట్టల పిచ్చి అని తీసిపారేయలేరు.

రాత్రిపూట వలలు కట్టి పిట్టలు పట్టేవాళ్లు కనిపిస్తే ఎదురెళ్లకండి, దూరం నుంచి బండి నంబర్ రాసుకుని అటవీ శాఖకు, పోలీసులకు ఫోన్ చేయండి. ఒకేసారి పిట్టలు గుంపుగా చచ్చి కనిపిస్తే చేతితో ముట్టకుండా పశువైద్యాధికారికి చెప్పండి. ఎండాకాలం తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తుంటే చాలాసార్లు అది విషం కాదు, నీళ్లలో ఆక్సిజన్ తగ్గడం. ఆ టైము, మట్టం, రంగు పుస్తకంలో రాసి, వాసనేమైనా ఉంటే అదీ రాసి, ఒక సీసాలో నీళ్లు పట్టి ఉంచండి. అర్జీ ఇచ్చాక రసీదు మీద నంబర్ ఉందో లేదో కౌంటర్ దగ్గరే చూసుకోండి, ఆ నంబర్‌ను కూడా ఆ వారం పేజీలోనే రాయండి.